నెట్‌కు 5, పీహెచ్‌డీకి 30: యూనివర్సిటీ కొలువు లెక్క

డిగ్రీలో 72 శాతం, పీజీలో 68 శాతం, చేతిలో జాతీయ అర్హత పరీక్ష (నెట్) సర్టిఫికెట్. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు దరఖాస్తు పెట్టే ఇలాంటి అభ్యర్థికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పట్టిక ప్రకారం వచ్చేది నూటికి 41 మార్కులు. ఆ అభ్యర్థికే పీహెచ్‌డీ కూడా ఉంటే 71. ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో తేల్చడానికి యూనివర్సిటీలు చూసేది ఈ మార్కులనే. అర్హత ఉందా అన్నది ఒక ప్రశ్న, పిలుపు వస్తుందా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మన పిల్లల్లో చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఏళ్లు గడిపేస్తున్నారు. రెండోదాని లెక్క వాళ్లకు ఎవరూ విప్పి చెప్పడం లేదు.

ముందు అర్హత సంగతి. యూజీసీ 2018 జులై 18న ఇచ్చిన నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. దానిపైన నెట్ గానీ, రాష్ట్రం నిర్వహించే సెట్ గానీ పాసవ్వాలి. యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలకు లోబడి పట్టా పొందినవారికి నెట్ నుంచి మినహాయింపు ఉంది. విదేశాల్లో పీహెచ్‌డీ చేసిన తెలుగువారికి ఇందులో మరో దారి కూడా ఉంది. క్యూఎస్, టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్, షాంఘై ర్యాంకింగుల్లో ఏదో ఒకదానిలో మొదటి 500లో ఉన్న విశ్వవిద్యాలయం నుంచి పట్టా వచ్చి ఉంటే నెట్ లేకుండానే దరఖాస్తు చేయవచ్చు.

ఆ 2018 నిబంధనల్లోనే మరో షరతు పెట్టారు: 2021 జులై 1 నుంచి యూనివర్సిటీ పోస్టులకు పీహెచ్‌డీ తప్పనిసరి అని. కరోనా వల్ల ఆ గడువును 2023 జులై 1కి జరిపారు. తీరా ఆ రోజు రాబోతుండగా 2023 జూన్ 30న సవరణ తెచ్చి, నెట్, సెట్ వంటి పరీక్షలే కనీస అర్హత అన్నారు. ఆ వార్త రాగానే ‘ఇక పీహెచ్‌డీ అక్కర్లేదు’ అన్న మాట క్యాంపస్‌లన్నింటా పాకిపోయింది. నిజానికి అది అక్కర్లేనిది దరఖాస్తు పెట్టడానికి మాత్రమే. పట్టికలో దాని 30 మార్కులు దానికి అలాగే ఉన్నాయి.

ఆ పట్టికలో ఏముంది?

యూనివర్సిటీ పోస్టులకు వాడే పట్టికలో డిగ్రీకి గరిష్ఠంగా 15, పీజీకి 25, పీహెచ్‌డీకి 30 మార్కులు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్)తో నెట్ వస్తే 7, ఉత్త నెట్ అయితే 5, సెట్‌కు 3. పరిశోధన పత్రాలకు ఒక్కోదానికి 2 చొప్పున 10. బోధన లేదా పోస్ట్ డాక్టొరల్ అనుభవానికి ఏడాదికి 2 చొప్పున 10. అవార్డులకు 3. మొత్తం 100.

ఈ అంకెలను నిదానంగా చూస్తే చాలా భయాలు తొలగుతాయి, కొన్ని భ్రమలు కూడా పోతాయి. డిగ్రీలో 80 శాతం దాటితే 15 మార్కులు, 60 నుంచి 80 లోపు అయితే 13. అంటే 61 శాతం తెచ్చుకున్నవారికీ 79 శాతం తెచ్చుకున్నవారికీ ఒకటే మార్కు. పీజీలోనూ అంతే: 80 దాటితే 25, దానికి కిందనున్న మెట్టుకు 23. యూనివర్సిటీ టాపర్‌కూ మామూలు ఫస్ట్ క్లాస్ విద్యార్థికీ ఇక్కడ తేడా రెండూ కలిపి 4 మార్కులు. రెండు మంచి పరిశోధన పత్రాలతో ఆ తేడా పూడిపోతుంది. ‘డిగ్రీలో మార్కులు తక్కువ వచ్చాయి, నాకిక యూనివర్సిటీ ఉద్యోగం రాదు’ అని వెనక్కి తగ్గిన వారికి ఈ పట్టిక ఎవరైనా చూపించి ఉంటే బాగుండేది. అయితే 60 శాతం గీత దాటడం మాత్రం ముఖ్యం. డిగ్రీలో 55 నుంచి 60 మధ్య ఉంటే 10 మార్కులే, 55 లోపు అయితే 5 మార్కులకు పడిపోతాయి.

జేఆర్ఎఫ్‌కూ ఉత్త నెట్‌కూ పట్టికలో తేడా 2 మార్కులు. అంటే ఒక పరిశోధన పత్రం విలువ. జేఆర్ఎఫ్ కోసం మళ్లీ మళ్లీ పరీక్ష రాయడం తప్పని నేననను, దాని అసలు విలువ డబ్బులో ఉంది, ఆ సంగతికి వస్తాను. కానీ కేవలం ఉద్యోగం కోసం రెండు మూడేళ్లు కోచింగ్ గదుల్లో గడిపితే ఆ కాలంలో వచ్చేది ఈ 2 మార్కులేనని తెలిసి గడపాలి.

పత్రాల లెక్క అయిదుతో ఆగిపోతుంది. ఆరో పత్రానికి ఈ పట్టికలో సున్నా. పదిహేను పత్రాలు అచ్చు వేయించుకున్నామన్నది ఇక్కడ పనికిరాదు, అయిదు గట్టి పత్రాలు చాలు. డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికల ఊబిలో దిగవద్దని చెప్పడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు. యూజీసీ గుర్తించిన పరిశోధన పత్రికల ‘కేర్’ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు కాబట్టి పత్రిక మంచి చెడ్డలు తేల్చే బాధ్యత ఇప్పుడు మరింతగా పరిశోధకుడి మీదా, ఆ విశ్వవిద్యాలయం మీదా పడింది.

కాలేజీ పోస్టులకు పట్టిక వేరు. అక్కడ డిగ్రీకి 21, పీహెచ్‌డీకి 25, జేఆర్ఎఫ్‌కు 10, నెట్‌కు 8, పత్రాలకు 6. మొదట చెప్పిన అభ్యర్థికే పీహెచ్‌డీ లేకుండా కాలేజీలో 50 మార్కులు వస్తాయి, యూనివర్సిటీలో వచ్చేవి 41. పీహెచ్‌డీతో అయితే 75. నెట్ ఉండి పీహెచ్‌డీ లేనివారు ఎక్కడ ఎక్కువ ప్రయత్నించాలో ఈ అంకెలే చెబుతున్నాయి.

నెట్ గదిలో ఎంతమంది?

2024 జూన్ నెట్‌నే తీసుకుందాం. జూన్ 18న దేశమంతా 9 లక్షల మందికి పైగా రాశారు. మర్నాడే ప్రభుత్వం ఆ పరీక్షను రద్దు చేసింది. ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్లీ పెడితే 11,21,225 మంది నమోదైన అభ్యర్థుల్లో 6,84,224 మందే వచ్చారు. తొలిసారి కష్టపడి రాసినవారిలో రెండు లక్షలమందికి పైగా రెండోసారి కనిపించలేదు. ఆ రద్దుకు అయిన అసలు ఖర్చు ఇదేనని నా అభిప్రాయం.

రాసిన 6,84,224 మందిలో జేఆర్ఎఫ్ దక్కింది 4,970 మందికి. ప్రతి 138 మందిలో ఒకరికి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం రెండూ వచ్చినవారు 53,694. పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హులైనవారు 1,12,070. ఈ మూడో వర్గం 2024 జూన్‌తోనే మొదలైంది. మూడూ కలిపితే 1,70,734, అంటే రాసిన నలుగురిలో ఒకరు ఏదో ఒక అర్హతతో బయటపడ్డారు. రెండో, మూడో వర్గాల వారికి పీహెచ్‌డీ ప్రవేశానికి ఆ స్కోరు ఒక ఏడాది పనిచేస్తుంది. పీహెచ్‌డీ సీటుకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం బరువు.

పరీక్ష స్వరూపం తెలియనివారికి ఒక్క మాట. మొదటి పేపరులో 50 ప్రశ్నలు, 100 మార్కులు. రెండో పేపరు సొంత సబ్జెక్టులో 100 ప్రశ్నలు, 200 మార్కులు. రెండూ కలిపి మూడు గంటలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. సైన్సు వారికి సీఎస్ఐఆర్‌తో కలిసి జరిపే నెట్ వేరు, అందులో నెగెటివ్ మార్కులు ఉన్నాయి. సెట్ విషయానికొస్తే ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ, తెలంగాణలో ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తాయి. దాంతో వచ్చే అర్హత ఆ రాష్ట్రానికే పరిమితం. హైదరాబాద్‌లో సెట్ పాసై విశాఖలో దరఖాస్తు పెట్టేవారు ముందే ఇది చూసుకోవాలి.

24 లక్షల విలువ

జేఆర్ఎఫ్ విలువ డబ్బులో అన్నాను. 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్)గా మారితే 42,000. రెండేళ్లు 37,000 చొప్పున 8,88,000, మూడేళ్లు 42,000 చొప్పున 15,12,000. అయిదేళ్లకు కచ్చితంగా 24 లక్షలు. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. జేఆర్ఎఫ్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరిన పరిశోధకుడికి ఇచ్చే నాన్ నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. ఒకే ల్యాబులో, ఒకే గైడ్ దగ్గర, ఒకే పని చేసే ఇద్దరి మధ్య నెలకు 29,000 తేడా. ఆ 8,000తో హైదరాబాద్‌లో హాస్టల్ మెస్ బిల్లు కట్టి, పుస్తకాలు కొని, ఊరికి డబ్బు పంపాల్సిన పిల్లలున్నారు. ఈ మొత్తం పెంచకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

జేఆర్ఎఫ్‌కు వయసు హద్దు ఉంది, సాధారణ అభ్యర్థులకు 30 ఏళ్లు. మహిళలకు, రిజర్వుడు వర్గాలకు అయిదేళ్ల సడలింపు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు మాత్రం యూజీసీ గరిష్ఠ వయసు పెట్టలేదు. కాబట్టి ముప్ఫై దాటిందని నెట్ మానేయనక్కర్లేదు.

జేఆర్ఎఫ్ రాకపోయినా పరిశోధనతో జీతం తెచ్చుకునే దారి ఒకటుంది, దాని గురించి మన దగ్గర తక్కువ మాట్లాడతారు. అదే ప్రాజెక్టు పోస్టు. ప్రొఫెసర్లకు వచ్చే ప్రాజెక్టు నిధుల నుంచి పరిశోధకులను తీసుకుంటారు. పీహెచ్‌డీ అయినవారికి రీసెర్చ్ అసోసియేట్‌గా 2023 సవరణ తర్వాత మూడు మెట్లలో నెలకు 58,000, 61,000, 67,000. అసిస్టెంట్ ప్రొఫెసర్ తొలి మూలవేతనం 57,700 అన్నది గుర్తుంటే ఇది చిన్న మొత్తం కాదని తెలుస్తుంది. ప్రాజెక్టు గడువు తీరగానే ఉద్యోగం పోతుంది, అది నిజమే. ఈ ప్రకటనలు పత్రికల్లో పెద్దగా రావు, విభాగాల వెబ్‌సైట్లలో చిన్న పీడీఎఫ్‌గా పెట్టి పది పదిహేను రోజుల గడువిస్తారు. అందుకే మీ సబ్జెక్టులో చురుగ్గా పనిచేసే ప్రొఫెసర్లెవరో తెలుసుకుని వాళ్ల విభాగాల పేజీలు వారానికోసారైనా తిరగేయాలి.

పీహెచ్‌డీ గైడ్‌ను ఎంచుకునేటప్పుడు చూడాల్సిన అంకెలు కొన్ని ఉన్నాయి. 2022 నవంబరు నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి గైడ్‌గా ఉండవచ్చు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, మరో రెండేళ్లు పొడిగింపు, మహిళలకు ఇంకో రెండేళ్లు. మీరు చేరబోయే గైడ్‌కు ఎంత సర్వీసుందో అడగడం అమర్యాదేమీ కాదు. మధ్యలో గైడ్ మారితే పోయే ఏడాది మీది.

పోస్టులు ఎక్కడ?

చదువు పెరిగింది, పోస్టుల భర్తీ మాత్రం ఆ వేగంతో సాగలేదు. ఉన్నత విద్య అఖిల భారత సర్వే ప్రకారం 2014-15లో పీహెచ్‌డీలో ఉన్నవారు 1.17 లక్షలు, 2021-22 నాటికి 2.13 లక్షలు. ఏడేళ్లలో 81 శాతం పెరిగారు. వీళ్లంతా పట్టాలతో బయటికి వచ్చే కాలంలోనే మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు స్తంభించాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 అక్టోబరు చివర 3,220 పోస్టులకు కదలిక వచ్చింది: 418 ప్రొఫెసర్, 801 అసోసియేట్ ప్రొఫెసర్, మిగిలిన 2,001 అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థాయి. అది న్యాయ వివాదాల్లో చిక్కుకుంది. తెలంగాణలో ఉమ్మడి నియామక బోర్డు కోసం 2022లో శాసనసభ ఆమోదించిన బిల్లు ముందుకు కదల్లేదు. 2025 జనవరిలో అక్కడ విశ్వవిద్యాలయ అధ్యాపకుల విరమణ వయసు 60 నుంచి 65కు పెంచారు. ఉన్నవారి అనుభవం నిలుస్తుంది, విభాగాలు మూతపడకుండా ఆగుతాయి, ఆ మేరకు మంచిదే. కానీ విరమణల వల్ల ఏటా ఏర్పడాల్సిన ఖాళీలు అయిదేళ్లపాటు వాయిదా పడ్డాయన్నది కూడా నిజం.

పోస్టు ఖాళీగా ఉంటే పోయేది ఒక్క జీతం కాదు. పైన చెప్పిన గైడ్ లెక్కనే ఇక్కడ పెట్టి చూడండి. ఆంధ్రప్రదేశ్ భర్తీ చేయదలచిన 418 ప్రొఫెసర్ పోస్టులనే తీసుకున్నా, ఒక్కొక్కరికి 8 చొప్పున 3,344 మంది పరిశోధకులకు గైడ్‌లు లేరన్నమాట. అంటే నేడు నింపని ప్రతి పోస్టు రేపటి అధ్యాపకులను కూడా తగ్గిస్తోంది. ఆ తరగతులను ప్రస్తుతం గెస్ట్, కాంట్రాక్టు అధ్యాపకులు మోస్తున్నారు. యూజీసీ 2019లో గెస్ట్ అధ్యాపకులకు క్లాసుకు 1,500, నెలకు 50,000కు మించకుండా అని ఖరారు చేసింది. ఆ 50,000 చేరాలంటే నెలకు 34 క్లాసులు కావాలి, సెలవుల్లో క్లాసుల్లేవు కాబట్టి డబ్బూ లేదు. కాంట్రాక్టు పోస్టులు మొత్తంలో 10 శాతం దాటకూడదని, వారి జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల వేతనానికి తగ్గకూడదని 2018 నిబంధనల్లోనే రాసుంది. రాష్ట్రాల్లో ఆ రెండు వాక్యాలు అమలైతే సగం సమస్య తీరుతుంది.

రాష్ట్రంలో నోటిఫికేషన్ కోసం కూర్చోకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాలవైపు చూడటం తెలివైన పని. తెలుగు నేల మీదే ఏడున్నాయి. హైదరాబాద్ యూనివర్సిటీ, ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ (ఇఫ్లూ), మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ, ములుగులోని సమ్మక్క సారక్క గిరిజన యూనివర్సిటీ తెలంగాణలో. అనంతపురం కేంద్రీయ యూనివర్సిటీ, విజయనగరం గిరిజన యూనివర్సిటీ, తిరుపతి జాతీయ సంస్కృత యూనివర్సిటీ ఆంధ్రప్రదేశ్‌లో. 2023 మే నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల పోస్టులన్నీ సీయూ-చయన్ అనే ఒకే పోర్టల్‌లో కనిపిస్తున్నాయి. ఐఐటీల తీరు వేరు. అక్కడ నెట్ అడగరు, పీహెచ్‌డీ, ఆ తర్వాత మూడేళ్ల అనుభవం ఉన్నవారికి అసిస్టెంట్ ప్రొఫెసర్ తొలి మెట్టు మూలవేతనం 1,01,500.

నోటిఫికేషన్‌లో పోస్టుల సంఖ్య చూసి సంతోషించే ముందు రోస్టర్, అంటే ఏ పోస్టు ఏ వర్గానికన్న వరుస, చూడాలి. కేంద్రీయ సంస్థల్లో రిజర్వేషన్ లెక్కకు విభాగం యూనిట్టా, యూనివర్సిటీ యూనిట్టా అన్న వివాదం 2017 అలహాబాద్ హైకోర్టు తీర్పుతో రాజుకుంది. విభాగాన్ని యూనిట్టుగా తీసుకునే 13 పాయింట్ల రోస్టర్‌లో ఓబీసీకి మొదటి పోస్టు నాలుగోది, ఎస్సీకి ఏడోది, ఎస్టీకి పద్నాలుగోది. ముగ్గురే ఉన్న చిన్న విభాగంలో ఎవరికీ రిజర్వేషన్ దక్కదు. 2019లో పార్లమెంటు చట్టం చేసి యూనివర్సిటీ మొత్తాన్ని యూనిట్టుగా నిలిపింది. ఇప్పుడు 200 పోస్టుల్లో ఎస్సీలకు 30, ఎస్టీలకు 15, ఓబీసీలకు 54, ఆర్థికంగా వెనుకబడినవారికి 20. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఆయా రాష్ట్రాల రోస్టర్ వర్తిస్తుంది.

చేరిన తర్వాత దారి స్పష్టంగానే ఉంటుంది. పీహెచ్‌డీతో చేరినవారికి మొదటి మెట్టుకు 4 ఏళ్లు, తర్వాత 5, ఆపైన అసోసియేట్ ప్రొఫెసర్‌కు 3, ప్రొఫెసర్‌కు 3. అన్నీ సకాలంలో జరిగితే 15 ఏళ్లు. మూలవేతనం 57,700 నుంచి అసోసియేట్‌కు 1,31,400, ప్రొఫెసర్‌కు 1,44,200 దగ్గర మొదలవుతుంది. ముప్ఫై రెండేళ్లకు చేరితే నలభై ఏడుకు ప్రొఫెసర్. నలభైకి చేరితే యాభై అయిదుకు. నోటిఫికేషన్ ఎనిమిదేళ్లు ఆలస్యమైతే ఒక మనిషి వృత్తి జీవితంలో ఎంత ముక్క తెగిపోతుందో దీన్నిబట్టి చూడండి.

చివరి మెట్టు

యూజీసీ పట్టికలో మార్కులు షార్ట్‌లిస్టుకే పరిమితం. ఎంపిక పూర్తిగా ఇంటర్వ్యూ మీదే అని 2018 నిబంధనలు చెబుతున్నాయి. 85 మార్కులతో లోపలికి వెళ్లినవారూ 62తో వెళ్లినవారూ ఆ గదిలో సమానం. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ఇచ్చిన మార్గదర్శకాలు ఇక్కడ మెరుగ్గా ఉన్నాయి: చదువుకు, పరిశోధనకు 50, సబ్జెక్టు పరిజ్ఞానానికీ బోధన నైపుణ్యానికీ 30, ఇంటర్వ్యూకు 20. ఏళ్ల శ్రమను అరగంట మాటలతో కొలవకుండా ఆపే ఏర్పాటు ఇది. యూజీసీ 2025 జనవరిలో కొత్త నిబంధనల ముసాయిదా కూడా తెచ్చింది కాబట్టి, ఏ నోటిఫికేషన్ చూసినా అది ఏ ఏడాది నిబంధనలను పేర్కొందో ముందు చదివి, మీ మార్కులు కాగితం మీద వేసుకున్నాకే ఫీజు కట్టండి.

విశ్వవిద్యాలయాలకు నాదొక విన్నపం. ప్రతి నియామకం తర్వాత సబ్జెక్టులవారీగా, వర్గాలవారీగా షార్ట్‌లిస్టు కటాఫ్ ఎంతో, పిలిచినవారి స్కోర్లెంతో, ఎంపికైనవారి స్కోరెంతో వెబ్‌సైట్‌లో పెట్టండి. అంకెలు మీ దగ్గర సిద్ధంగానే ఉన్నాయి, కొత్తగా అయ్యే ఖర్చేమీ లేదు.